ఫిట్టరు నేర్పిన జర్మన్

జూన్ 4

పోస్టు పడింది. జర్మన్ లెక్చరర్, ఒకటి, పర్మనెంట్ అని నోటీసు బోర్డులో పెట్టారు. ఇన్నేళ్ళూ ప్రతి జూన్‌లో కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టి మళ్ళీ జూన్ దాకా ఊపిరి పీల్చుకుంటూ వచ్చినవాణ్ణి. ఆ ఒకటి ఎవరికోసమో గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా తెలుసు.

హెడ్డుగారు గదికి పిలిచి టీ ఇప్పించారు. ఆయన చెప్పేది ఫ్రెంచి. జర్మన్‌లో కార్ల పేర్లు తప్ప ఆయనకి ఒక్క ముక్క రాదు. అయినా జర్మనీ వెళ్ళే అవకాశం వచ్చిన ఏడాది వెళ్ళింది ఆయనే, నేను కాదు. మీరు కాక ఇంకెవరండీ, ఇదంతా లాంఛనం అన్నారు. టీ బాగుంది.

మా ఆవిడకి చెప్పాను. ఆలూ లేదు చూలూ లేదు అంటూ సామెత ఎత్తుకుని, నా ముఖం చూసి మధ్యలో ఆపేసింది.

జూన్ 5

నాకేమీ ఆత్రం లేదు.

జూన్ 9

కొత్త బ్యాచ్‌కి మొదటి క్లాసు. తలుపు వేసి, నవ్వకుండా, నేరుగా జర్మన్ మొదలుపెట్టాను. నా పద్ధతి అది. మొదటి గంట నుంచి మన భాష ఒక్క మాట వినపడకూడదు. పిల్లలు బిక్కముఖాలు వేసుకుని చూస్తారు, చూడనీ. నా వెంట అనండి అంటాను, అంటారు. మళ్ళీ అనండి అంటాను. నెల తిరిగేసరికి వాళ్ళ నోట్లోంచి నా గొంతు వస్తుంది.

డిపార్ట్‌మెంటు వాళ్ళు ఎప్పుడో కొన్న రికార్డింగులు, స్పీకర్లు బీరువాలో ఉన్నాయి. తాళంచెవి నా దగ్గరే ఉంది. రికార్డింగులో మాట్లాడే మనిషి, పిల్లాడి నాలుక తిరక్కపోతే ఆగడు, కోప్పడడు. పైగా మైకు ముందు మనుషులు ఏ దేశంలోనైనా బిగుసుకునే మాట్లాడతారు. నేనుండగా వాళ్ళెందుకు? ఈ ఊళ్ళో బళ్ళలోనూ కోచింగ్ సెంటర్లలోనూ జర్మన్ చెప్పేవాళ్ళంతా నా చేతికింద తయారైనవాళ్ళే. అందరిదీ ఒకటే పలుకు.

జర్మన్లు ఎప్పుడైనా యూనివర్సిటీకి చుట్టపుచూపుగా వస్తే, నేను నోరు విప్పగానే వాళ్ళ ముఖాలు విప్పారతాయి. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుతారు. పుస్తకాలు బట్టీపట్టినవాడు మాట్లాడితే ఎవరూ అలా నవ్వరు.

జూన్ 12

అన్నయ్య వచ్చాడు. కంట్లో శుక్లం. ఆపరేషన్ ఇక్కడే చేయిద్దామని నేనే రమ్మన్నాను. బస్టాండుకి వెళ్ళేసరికి అంత దూరం నుంచే "ఒరేయ్ చిలకా" అని అందరూ తలలు తిప్పేలా కేకేశాడు. మాస్టారు మాస్టారు అంటూ దణ్ణాలు పెట్టే నా పాత స్టూడెంటు ఒకడు అక్కడే ఉన్నాడు. నవ్వీ నవ్వనట్టు నవ్వాడు.

దొర చిలక అని ఊళ్ళో నా పేరు. మా ఊరి పక్కన సిమెంటు ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు యంత్రాలు బిగించడానికి జర్మనీ నుంచి మనుషులొచ్చారు. నాన్న వాళ్ళ షెడ్డుకి కాపలా. నేను బడి వదలగానే నాన్నకి అన్నం పట్టుకెళ్ళి అక్కడే ఉండిపోయేవాణ్ణి. తక్కినవాళ్ళు వెళ్ళిపోయినా ఒక ఫిట్టరు మాత్రం రిపేర్లకని ఏళ్ళ తరబడి ఉన్నాడు. మాట్లాడే దిక్కు లేక నాతో మాట్లాడేవాడు. పానా అందుకోమనేవాడు, నూనె డబ్బా తెమ్మనేవాడు, వాళ్ళ అమ్మ గురించి చెప్పేవాడు. నేను తప్పు పలికితే బుగ్గ గిల్లి మళ్ళీ అనిపించేవాడు. ఆ చిలక పలుకులే నాకు యూనివర్సిటీలో సీటిప్పించాయి. నేను గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే అప్పటి పంతుళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. వాళ్ళంతా పుస్తకాల్లో నేర్చుకున్నవాళ్ళు. రాయడం వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. మాట్లాడడం నాకు వాళ్ళు నేర్పేదేముంది?

అడిగినవాళ్ళకి జర్మన్ ఇంజనీరు దగ్గర నేర్చుకున్నానని చెప్తాను. ఫిట్టరంటే ఎవరికి అర్థమవుతుంది?

మన భాష సంగతి వేరు. కాలేజీలో చేరినప్పుడు నా మాట విని హాస్టలంతా పడి పడి నవ్వింది. అద్దం ముందు నిలబడి ఒక్కొక్క మాటే మార్చుకున్నాను. ఇప్పుడు మా ఊరి యాస నా నోట్లో వెతికినా దొరకదు. అన్నయ్య నోట్లో మాత్రం మట్టి పెళ్ళల్లా అలాగే ఉంది.

జూన్ 17

హెడ్డుగారు ఇంటికి వస్తున్నానని ఫోన్ చేశారు. అన్నయ్య ఆపరేషనై కంటికి కట్టుతో ముందుగదిలో కూచుని మా ఆవిడకి ఊరి కబుర్లు చెప్తున్నాడు. ఇద్దరూ తెగ నవ్వుకుంటున్నారు. వెనకగదిలోకి వెళ్ళి పడుకోమన్నాను. పడుకుని పడుకుని నడుం పట్టేసిందన్నాడు. ఆయన ఉన్నంతసేపూ లోపలే ఉండు, ఒకవేళ పిలిస్తే వచ్చినా ఎక్కువ మాట్లాడకు అన్నాను.

"కట్టింది కంటికి కదరా, నోటిక్కూడానా?" అన్నాడు. కోపంగా అనలేదు. చెయ్యి గోడకి ఆనించుకుంటూ లోపలికి వెళ్ళాడు.

హెడ్డుగారు తెచ్చిన కబురు ఏమిటంటే, సెలక్షన్ కమిటీలో బయటి మనిషి ఉండాలట. ఎలాగూ జర్మనీ నుంచి ఒక ప్రొఫెసరమ్మ ఉపన్యాసాలివ్వడానికి వస్తోంది, వచ్చే నెలాఖరు దాకా ఉంటుంది, ఆవిణ్ణే కూచోబెడుతున్నారు. అప్లై చేసినవాళ్ళు ఆవిడ ముందు ఒక క్లాసు చెప్పి చూపించాలి. మీకు ఇంకా మంచిదే కదా అన్నారు. మంచిదే.

ఆయన వెళ్ళాక మా ఆవిడ నా కంచం బల్ల మీద పెట్టి, తన కంచం అన్నయ్య గదిలోకి పట్టుకెళ్ళింది. కట్టు విప్పగానే ఊరెళ్ళిపోతానని అన్నయ్య అంటున్నాడు. పొలం పనులుంటాయి మరి.

జూన్ 21

పిచ్చుక ఇంటికి వచ్చింది. నా క్లాసులో ముందు బెంచీ మీద కాళ్ళు నేలకి ఆనకుండా కూచునేది, రోజంతా కిచకిచలాడేది. ఆ పేరు నేనే పెట్టాను. రెండేళ్ళు జర్మనీలో చదివి మొన్ననే దిగింది. పళ్ళు తెచ్చింది, కాళ్ళకి దణ్ణం పెట్టింది.

జర్మన్‌లో పలకరించాను. జవాబు విని తెల్లబోయాను. నేను నేర్పిన పలుకు ఎక్కడా లేదు. నాది సాగదీసి, చివర్లు మింగుతూ పారే మాట. తనది ప్రతి అక్షరం ఇస్త్రీ చేసినట్టుంది. నాలుగు రోజులు బయట తిరిగొస్తే అందరికీ వచ్చే జబ్బే. ఏదో చెప్పబోయి ఆగిపోయింది. నేనూ అడగలేదు.

జూన్ 26

ఇవాళ స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు పిచ్చుక వచ్చి కూచుంది. మీకు చెప్పకపోతే నన్ను నేను క్షమించుకోలేను సార్ అని మొదలుపెట్టింది.

"అక్కడ మొదటిరోజు క్లాసులో లేచి నా గురించి చెప్పాను సార్. అందరూ నవ్వారు. పశువుల కొట్టంలోంచి నేరుగా వచ్చావా అని ఒకడు అడిగాడు. మనం మాట్లాడేది అక్కడ ఏదో మూలనున్న పల్లెల్లో ముసలివాళ్ళు మాట్లాడే మాట సార్. వాళ్ళ మనవలకి కూడా రాదట. దాన్ని వదిలించుకోడానికి నాకు ఏడాది పట్టింది."

నేను కిటికీ వైపు చూస్తున్నాను. చెప్పడం అయ్యాక, ఈ పోస్టుకి అప్లై చేశావా అని అడిగాను. చేశానంది. అయితే సరే అన్నాను.

ఏరు దాటి తెప్ప తగలెయ్యడమంటే ఇదే. ఇంటర్వ్యూ ముందు నా కాళ్ళకింద నేల కదపాలని చూస్తోంది. ఎంత తెలివి. కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకుంది.

జూన్ 27

అబద్ధం.

జూన్ 28

అబద్ధమే. జర్మనీలో పుట్టినవాడు, జర్మన్ తల్లి కడుపున పుట్టినవాడు మాట్లాడింది జర్మన్ కాకపోతే మరేమిటి?

జూలై 2

బీరువా తాళం తీసి రికార్డింగులు ఇంటికి తెచ్చాను. ఊరికే, దుమ్ము పట్టిపోతున్నాయని. ఒక వాక్యం వినడం, అదే వాక్యం నేను అనడం. ఫోన్‌లో నా గొంతు పట్టి, రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. చాలాసేపు విన్నాను.

మా ఆవిడ కూరగాయలు తరుగుతూ వింటోంది. తనకి జర్మన్ రాదు. ఆ రెండో ఆయన ఎవరండీ, ఎడ్లని అదిలిస్తున్నట్టు మాట్లాడుతున్నాడు అంది. అది నేనేనని చెప్పాను. ఓహో అని, ఇంకో బెండకాయ తరిగి, ఎడ్లంటే నాకిష్టమేలెండి అంది. కత్తిపీట దగ్గర నవ్వు ఆపుకోవడం తన వల్ల కాలేదు.

ఇంతకీ జర్మన్లు నన్ను చూసి నవ్విన నవ్వు అదన్నమాట. ఇన్నేళ్ళూ ఆ నవ్వులు దాచుకున్నాను. పెళ్ళిళ్ళలో, స్టాఫ్ మీటింగుల్లో చెప్పుకున్నాను. హాస్టల్లో నవ్విన నవ్వు నాకు వెంటనే అర్థమైంది, ఇది మాత్రం అర్థం కాలేదు. ఫిట్టరు మీద ఎంత కోపం వచ్చిందంటే, ఎదురుగా ఉంటే చొక్కా పట్టుకునేవాణ్ణి. నీకు వేరే మాట లేదా, నాకిదే దొరికిందా అని అడిగేవాణ్ణి. పాపం, ఆయనకి వేరే మాట లేదు.

జూలై 3

పొద్దున్నంతా రికార్డింగులతో సాధన. అద్దం ముందు నిలబడి. ఈ వయసులో.

జూలై 5

పిచ్చుక ఫోన్ చేసింది. డెమో క్లాసులో బోర్డు మీద ఎక్కువ రాయండి సార్, మీ రాతలో తప్పు పట్టేవాళ్ళు లేరు అంది. తర్వాత నెమ్మదిగా, వీలైనంత తక్కువ మాట్లాడండి అంది.

సరేనమ్మా అన్నాను. నా మంచికే చెప్పింది. అన్నయ్య ఊరెళ్ళాక కంటి చుక్కలు వేసుకుంటున్నాడో లేదో కనుక్కుందామని ఫోన్ తీశాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక పక్కన పెట్టేశాను.

జూలై 8

డెమో క్లాసు అయింది.

గదిలో నా మొదటి సంవత్సరం పిల్లలు. వెనక బల్ల దగ్గర హెడ్డుగారు, ఆయన పక్కన ప్రొఫెసరమ్మ. తెల్లజుట్టు, పెద్ద చేతులు, కుదురుగా కూచుంది. పాఠం బజారులో బేరమాడడం. రికార్డింగు మనిషిలాగా మొదలుపెట్టాను. చివర్లు మింగకుండా, సాగదీయకుండా, ఒక్కో మాటా జారిపోకుండా పట్టుకుని చెప్పాను. నా చెవికే నా గొంతు అరువు తెచ్చుకున్న చొక్కాలా ఉంది.

పిల్లలకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నెల నుంచి నా పలుకే వాళ్ళకి జర్మన్. ఇదేదో వేరే భాష అనుకున్నట్టున్నారు. ప్రశ్న అడిగితే గోడలు చూస్తున్నారు. నేను ఇంకా బిగుసుకుపోయాను. మాట తడబడింది, మళ్ళీ తడబడింది. అటు ఫిట్టరుదీ కాక, ఇటు రికార్డింగుదీ కాక, రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. చివరికి మూడో బెంచీ అమ్మాయి చెయ్యెత్తి, గొంతు బాగాలేదా సార్ అని జర్మన్‌లోనే అడిగింది. అచ్చం నాలాగా. సాగదీసి, చివర మింగి.

ప్రొఫెసరమ్మ తల చప్పున లేచింది. నన్ను కాదు, ఆ పిల్లని చూసింది.

ఇక నాకు విసుగొచ్చింది. పుస్తకం మూసి బల్ల మీద పడేసి, బేరమాడడం ఎలాగో నాకు తెలిసినట్టు చెప్పాను. వంకాయలు పుచ్చాయన్నాను, తూకంలో మోసమన్నాను, ఒక పిల్లాణ్ణి కొట్టువాణ్ణి చేసి వాడితో గొడవపడ్డాను. క్లాసంతా లేచి నిలబడింది. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి బేరాలాడుతున్నారు. ఇంత బాగా ఏ రోజూ చెప్పలేదు నేను. వెనక ప్రొఫెసరమ్మ నవ్వుతోంది, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది.

జూలై 9

పోస్టు నాదే. నవ్వడం ఒక ఎత్తు, ఆవిడ ఏడ్చింది. క్లాసు చూసి ఏడ్చిన ప్రొఫెసర్‌ని నేనింతవరకూ చూడలేదు. పిచ్చుక క్లాసు కూడా బాగానే జరిగిందట, నీటుగా ఉందట. నీటుదనానికి ఎవరు ఏడుస్తారు?

మా ఆవిడకి చెప్పాను. ఈసారి సామెత ఎత్తుకోలేదు. మంచిదండీ అంది.

జూలై 14

పిచ్చుకకి ఇచ్చారు.

హెడ్డుగారు గదికి పిలిచారు. టీ లేదు. మీ అనుభవాన్ని ఎవరూ కాదనరండీ అని మొదలుపెట్టి, కిటికీ తెర సర్దుకుంటూ తక్కినది చెప్పారు. మీ పాఠం ప్రొఫెసరమ్మకి చాలా నచ్చిందట, అలాంటి క్లాసు చూసి ఎన్నాళ్ళయిందో అందట. కానీ మీ దగ్గర నేర్చుకుని జర్మనీ వెళ్ళిన పిల్లలు నవ్వులపాలవుతారని రాసిందట. మరి ఏడ్చింది కదా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"వాళ్ళ నాన్నమ్మ గుర్తొచ్చిందటండీ. ఈవిడ చిన్నప్పుడే ఆ ముసలావిడ పోయిందట" అన్నారు.

కాంట్రాక్టు ఎప్పటిలాగే ఉంటుందట. మాట్లాడించే క్లాసులు పిచ్చుక తీసుకుంటుంది. రాత పేపర్లు నావి. మీ రాత మీద కమిటీలో ఒక్క మాట కూడా రాలేదండీ అన్నారు, అదేదో సన్మానం చేస్తున్నట్టు.

జర్మనీ వెళ్ళొచ్చిన మనిషి ఈయన. నా మాట ఎలాంటిదో ఇన్నేళ్ళలో ఈయనకైనా ఎవరూ చెప్పలేదా? చెప్పే ఉంటారు. తక్కువ జీతానికి మనిషి దొరికాడు కదా అని ఊరుకుని ఉంటాడు.

జూలై 15

రాత పేపరు క్లాసు. బోర్డు మీద రాశాను. పిల్లలు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. గంట కొట్టారు.

జూలై 16

పిచ్చుక నా గది దాకా వచ్చి, లోపలికి రాకుండా వెళ్ళిపోయింది. రమ్మంటే వచ్చేదేమో. ఆ పిల్ల చేసిన తప్పేమిటో ఎంత వెతికినా దొరకడం లేదు, అందుకే ఇంకా మండుతోంది.

పక్కగదిలో నా మొదటి సంవత్సరం వాళ్ళు కొత్త పలుకు పలుకుతున్నారు. గోడకి చెవి పెట్టక్కర్లేదు, బాగానే వినపడుతుంది. మూడో బెంచీ అమ్మాయి అప్పుడే సగం మార్చేసుకుంది.

జూలై 18

ప్రొఫెసరమ్మ నన్ను చూడాలందట. వెళ్ళాను. రెండు చేతులూ పట్టుకుంది. మీకు ఈ మాట ఎక్కడిదని అడిగింది. ఇంజనీరు దగ్గర అనబోయి, ఫిట్టరు దగ్గర అన్నాను. ఏ ఊరివాడంది. వాళ్ళ అమ్మ గురించి చెప్పేవాడు గానీ ఊరి పేరు నాకు గుర్తులేదు.

ఈ మాట మాట్లాడేవాళ్ళు మా దగ్గర అయిపోయారు, మీ గొంతు రికార్డు చేసి మా యూనివర్సిటీలో భద్రంగా ఉంచుతామంది. దయచేసి అని రెండుసార్లు అంది. నా పలుకు వాళ్ళకి కావాలి, దాచుకుంటారు. అది పలికే మనిషిని క్లాసులో ఉంచుకోవడం మాత్రం కుదరదు. చచ్చినవాళ్ళ మాట పిల్లలకి అంటకూడదు, బీరువాలో ఉండాలి.

ఒప్పుకోవద్దని మా ఆవిడ అంది. ఒప్పుకున్నాను. నేనెందుకు ఒప్పుకున్నానో నాకు తెలుసు, ఎల్లుండి వాళ్ళకీ తెలుస్తుంది.

జూలై 20

లైబ్రరీ మేడ మీద ఏసీ గదిలో ఏర్పాటు చేశారు. నా ముందు మైకు. ఎదురుగా ప్రొఫెసరమ్మ, ఒళ్ళో కాగితాలు. హెడ్డుగారు ఫొటో తీయించుకోవడానికి మంచి చొక్కా వేసుకొచ్చి కూచున్నారు. యంత్రం దగ్గర పిచ్చుక, చెవులకి హెడ్‌ఫోన్లు. నాకు తోచింది మాట్లాడమన్నారు.

బిగుసుకుపోయిన నట్టు ఎంతకీ రాకపోతే, ఫిట్టరు పానా పక్కన పెట్టి దాన్ని తిట్టేవాడు. దాని పుట్టుక, దాని బుద్ధి, దాని వంశం, దాన్ని చేసినవాడి వంశం, వరసగా, తాపీగా. మొత్తం నాకు వచ్చు. హెడ్డుగారి వైపు తిరిగి మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు నాతో చాకిరీ చేయించుకున్న సంగతి, జర్మనీ తిరిగొచ్చిన సంగతి అన్నీ కలిపి, నట్టుకి బదులు ఆయన్ని పెట్టి తిట్టాను. ఆయన ముక్క అర్థంకాక చిరునవ్వుతో తలాడిస్తూనే ఉన్నారు. తర్వాత ప్రొఫెసరమ్మని తిట్టాను. మీ నాన్నమ్మ ముందు నిలబడి కూడా ఇది పిల్లలకి పనికిరాని మాటని రాసేదానివా అని అడిగాను. తర్వాత పిచ్చుకని. తనని తిట్టబోతే తిట్టు సగంలో ఆగిపోయింది, అందుకని నన్ను నేను తిట్టుకున్నాను. ఇంత ధారగా, ఒక్క తడబాటు లేకుండా, ఒళ్ళంతా చెమటపట్టేలా ఏ భాషలోనూ నేను మాట్లాడి ఎరగను. గుండెలో ఉన్నదంతా తీసి వాళ్ళ ముందు పోశాను.

అయిపోయింది. పిచ్చుక తల ఎత్తలేదు. హెడ్డుగారు చప్పట్లు కొట్టారు. ప్రొఫెసరమ్మ పూర్తిగా అర్థమైంది కాబట్టి ఎర్రగా కందిపోయి, అంతలోనే నవ్వు ఆపుకోలేక, కళ్ళు తుడుచుకుంటూ గబగబా రాసుకోవడం మొదలుపెట్టింది. వంశం తిట్టు ఎక్కడా దొరకదట, ఎవరి పుస్తకంలోనూ లేదట. చాలా థాంక్స్ అంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే మా ఆవిడ వచ్చి, ఏం మాట్లాడారని అడిగింది.

"తిట్టాను. అందర్నీ."

"వాళ్ళేమన్నారు?"

"వంశం తిట్టు దగ్గర మైకు సరిగ్గా లేదట. మళ్ళీ తిట్టమన్నారు."

మా ఆవిడ నా చేతిలోంచి సంచీ అందుకుంది.

"తిట్టారా?"

"తిట్టాను."